భయం కమెడియన్‌ది, నవ్వు మనది

2009 జనవరిలో 'అరుంధతి' విడుదలైనప్పుడు "వదల బొమ్మాళీ, వదల" అనే గొంతు వినబడగానే పిల్లలు అమ్మ కొంగులో తల దూర్చేవాళ్లు. కొన్నాళ్లకే ఆ మాట రింగ్‌టోన్ అయింది. ఆ తర్వాత పెళ్లి వీడియోల్లోకి, మీమ్స్‌లోకి పాకింది. ఇప్పుడు చిట్టీ డబ్బుల కోసం రోజూ ఫోన్ చేసేవాడిని కూడా అదే డైలాగుతో ఆటపట్టిస్తున్నాం.

ఆ కథ జరిగేది గద్వాల సంస్థానంలో కాబట్టి పాలమూరు వాళ్లకు ఆ సినిమా మీద కాస్త సొంత అభిమానం ఉంటుంది. తెర మీద కనిపించే బంగళా మాత్రం మనది కాదు. అది తుంగభద్ర దాటి వెళ్తే వచ్చే బనగానపల్లెలోని నవాబు బంగళా. అసలు గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ ఉంది. ఆ డైలాగు చెప్పే దయ్యం పశుపతి నిజంగా అక్కడికొస్తే గేటు దగ్గరే ఐడీ కార్డు అడుగుతారు.

అంతకు నాలుగేళ్ల ముందు 'చంద్రముఖి'లో "లకలకలక" అనే అరుపుకూ ఇదే గతి పట్టింది. డైలాగు మారలేదు, గొంతు మారలేదు. మరి వణికించిన మాట నవ్వించే మాట ఎట్లా అయింది? మన హారర్ కామెడీ సినిమాల్లో కొన్ని ఎందుకు పండుతాయో, ఎక్కువభాగం ఎందుకు తేలిపోతాయో తెలియాలంటే ముందు దీని సంగతి చూడాలి.

అమెరికా తాత్త్వికుడు నోయెల్ కారొల్ 1999లో హారర్, హాస్యాల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన వాదన సులువైనదే. దయ్యమైనా, సర్కస్ బఫూన్ అయినా మనం రోజూ చూసే మనిషి రూపానికి లొంగని ఆకారాలే. దయ్యం చచ్చి కూడా తిరుగుతుంది. బఫూన్ ముక్కు ముక్కులా ఉండదు, దెబ్బ తగిలినా నొప్పి ఉండదు. ఇద్దరికీ ఉన్న తేడా ఒక్కటే, ప్రమాదం. దయ్యం నుంచి ప్రమాదాన్ని తీసేస్తే బఫూన్ మిగులుతుంది. బఫూన్ చేతికి కత్తి ఇచ్చి, లైటు తగ్గిస్తే దయ్యం అవుతుంది. పశుపతి గొంతు చీకటి హాలు నుంచి బయటపడి చేతిలోని ఫోన్‌లోకి వచ్చేసరికి ప్రమాదం ఊడిపోయింది, వింత మిగిలింది. ఆ వింతకే నవ్వొస్తుంది.

ఇది మనవాళ్లకు తెలియనిదేం కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యానికి కారణాలు చెప్తూ మొదట వికృతమైన వేషాన్ని చెప్పాడు. భయానక రసానికి చెప్పేటప్పుడు వికృతమైన అరుపులతో మొదలుపెట్టాడు. రెండూ మామూలుతనం తప్పిన చోటే పుడతాయన్నమాట. అయినా ఆ తర్వాతి ఆలంకారికులు వాటిని ఒకచోట ఉండనివ్వలేదు. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో హాస్యానికి శత్రువులుగా రెండు రసాలను లెక్కపెట్టాడు: ఒకటి కరుణ, రెండోది భయానకం. ఆ లెక్కన మన నిర్మాతలు శత్రువులిద్దరినీ ఒకే బంగళాలో అద్దెకు దింపుతున్నట్టు.

దీనికి విరుగుడు అంతకు ముందే, 9వ శతాబ్దంలోనే, ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పి పెట్టాడు. విరోధం ఉన్న రెండు రసాలను ఒకే పాత్రలో పెడితే తప్పు, వేర్వేరు పాత్రల్లో పెడితే తప్పు లేదన్నాడు. వీరం నాయకుడిలో ఉండనీ, భయం అతని శత్రువులో ఉండనీ, అప్పుడు రెండూ బలపడతాయి. నాకు తెలిసినంతలో హారర్ కామెడీకి ఇంతకంటే పనికొచ్చే సూత్రం ఎవరూ చెప్పలేదు. సినిమాకు వచ్చేసరికి ఆ పాత్రల లెక్కలో ప్రేక్షకుడిని కూడా చేర్చుకోవాలి. భయం ఎవరి దగ్గరుంది? తెర మీది వాడి దగ్గరా, కుర్చీలో ఉన్న మన దగ్గరా?

ఒక సీను తీసుకుని చూద్దాం. ఏ సినిమాదీ కాదు, అన్ని సినిమాల్లోనూ ఉండేదే. పాడుబడ్డ బంగళా, రాత్రి, కరెంటు లేదు. వాచ్‌మన్ వేషంలో కమెడియన్, చేతిలో టార్చిలైటు. కెమెరా దూరంగా ఉంది, మనిషి తలనుంచి కాళ్లదాకా కనిపిస్తున్నాడు. అతని వెనక తెల్లచీర. అతనికి కనపడలేదు, మనకు కనపడింది. ఈ క్షణంలో సీను ఎటైనా తిరగొచ్చు. దూరపు షాట్‌నే పట్టి ఉంచి, అతను "చలి ఎక్కువుందేంది" అనుకుంటూ దయ్యం చెయ్యినే దుప్పటి అనుకుని భుజం మీదికి లాక్కుంటే హాలు గొల్లుమంటుంది. అతను తిరిగి చూసి, నోరు పెగలక, కాళ్లు కదలక, టార్చి తన ముఖం మీదే వేసుకుంటే ఇంకా నవ్వుతాం. మొత్తం భయాన్ని అతను మోస్తున్నాడు, మన వంతు మిగల్లేదు.

అదే చోట కెమెరా దగ్గరికి జరిగి, అతని ముఖం తెరంతా నిండితే పక్కన ఏముందో మనకు కనిపించదు. మ్యూజిక్ ఆగిపోతుంది. అతనేమో తాపీగా బీడీ ముట్టించుకుంటున్నాడు. ఇప్పుడు భయం అతని దగ్గర లేదు, మన దగ్గరే ఉంది. టెన్షన్ అంటే ఇదే. ఇక అతనికీ మనకూ ఒకేసారి ఆ ముఖం కనిపిస్తే అది నికార్సైన హారర్. అతనికీ లేక, మనకూ లేకపోతే ఫోన్ తీసి టైం చూసుకుంటాం.

కాబట్టి హారర్ కామెడీ డైరెక్టర్ పని భయాన్ని చేతులు మార్చడం. కొంతసేపు కమెడియన్‌కి ఇవ్వాలి, మనం తేలికపడి నవ్వుతుండగా వాడి దగ్గర్నుంచి లాక్కుని మన ఒళ్లో పడేయాలి. ఈ మార్పిడి ఎడిటింగ్ టేబుల్ మీద జరుగుతుంది. జోకు పేలడానికీ, దయ్యం మీదికి దూకడానికీ లెక్క ఒక్కటే: ఎదురుచూపు పెంచాలి, ఇంకో అరక్షణం ఆపాలి, వదలాలి. ఆ అరక్షణం దగ్గర పొరపాటయితే జోకూ చస్తుంది, దయ్యమూ చస్తుంది. కామెడీ మీద పట్టున్న డైరెక్టర్లు హారర్ కూడా బాగా తీయగలగడం అందుకే.

శరీరం వైపు నుంచి చూసినా ఇంతే. 1942 నాటి హాలీవుడ్ సినిమా 'క్యాట్ పీపుల్'లో ఒక అమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు. చిరుత మీద పడుతుందని ఊపిరి బిగబట్టిన క్షణంలో బుస్సుమని చప్పుడు. చూస్తే బస్సు వచ్చి ఆగింది. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ ఎత్తుగడకు 'లూటన్ బస్' అనే పేరే పడిపోయింది. ఇప్పుడు ప్రతి సినిమాలో బీరువా మీంచి దూకే పిల్లి ఆ బస్సుకు వారసురాలే. ఎగిరిపడ్డ వెంటనే హాల్లో నవ్వులు వినపడతాయి. గుండె అప్పటికే దడదడలాడుతోంది, ఒంట్లో అడ్రినలిన్ దిగలేదు. ప్రమాదం లేదని బుర్రకు తెలిసింది కానీ ఒంటి వేడి చల్లారడానికి సమయం పడుతుంది. ఆ మిగిలిన ఉద్రేకం తర్వాత వచ్చే భావానికి బలం ఇస్తుందని డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు 1970లలో సిద్ధాంతీకరించాడు. మామూలు వేళలో చిరునవ్వు కూడా రాని జోకు, దయ్యం వచ్చిపోయాక పొట్ట చెక్కలు చేయడానికి కారణం అదే.

దేవరకొండలోనో మిర్యాలగూడలోనో సెకండ్ షోకి వెళ్లినవాళ్లకు ఇది వేరే రకంగానూ తెలుసు. తెర మీద అంతా నిశ్శబ్దమై, తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటున్నప్పుడు వెనక కుర్చీల్లోంచి ఎవడో "మీ అత్త వచ్చిందిరోయ్" అని అరుస్తాడు. హాలంతా నవ్వు. వాడు ధైర్యవంతుడేం కాదు, అందరికంటే ఎక్కువ భయపడ్డది వాడే. తన దగ్గరున్న భయాన్ని పక్కవాడి మీదికి తోసేశాడు. డైరెక్టర్ చేయాల్సిన పని వాడు ఉచితంగా చేసిపెట్టాడు. టీవీలో ఒంటరిగా చూస్తే ఈ తరహా సినిమాలు సగమే పండటానికి ఈ వెనక కుర్చీవాడు లేకపోవడం ఓ కారణం.

సినిమా రాకముందు కూడా మన దగ్గర ఈ మార్పిడి నడిచింది. ఊళ్లో యక్షగానం ఆడేటప్పుడు రాక్షస వేషం రావడమే ఒక హడావిడి. తెర వెనక అరుపులు, దివిటీ మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని లేచే మంట, ముందు వరసలో కూర్చున్న పిల్లలు లేచి వెనక్కి పరుగు. కాసేపటికి హాస్యగాడు వచ్చి ఆ రాక్షసుడికే ఎకసెక్కం చేస్తాడు, పారిపోయిన పిల్లలు మళ్లీ ముందుకొస్తారు. బోనాల్లో పోతరాజు సంగతీ అంతే. ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా, కళ్లలో ఎరుపు. పిల్లలు దగ్గరికొచ్చి కవ్విస్తారు, ఆయన ఒక్క అడుగు వేస్తే కెవ్వుమని పారిపోతారు, పారిపోతూనే నవ్వుతారు. ఆ పిల్లలు భయపడుతున్నారా నవ్వుతున్నారా అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. పోతరాజు మాత్రం ఎప్పుడూ నవ్వడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంకో ఉదాహరణ సినిమాకు దూరంగా కనిపిస్తుంది కానీ నాకు దీన్ని మించినది దొరకలేదు. చేతబడి, బాణామతి భయాలు పోగొట్టడానికి జన విజ్ఞాన వేదిక వాళ్లు, హేతువాదులు ఊళ్లలో ప్రదర్శనలు ఇస్తుంటారు. మంత్రగాడి వేషంలో ఒకాయన గంభీరంగా మంత్రం చదివి నిమ్మకాయ కోస్తాడు, కోసిన చోట ఎర్రగా కారుతుంది. జనం గుసగుసలు ఆగిపోతాయి. తర్వాత ఆయనే గొంతు మార్చి, కత్తికి ముందే మిథైల్ ఆరెంజ్ పూసి పెట్టానని, నిమ్మరసంలోని ఆమ్లం తగిలితే అది ఎర్రబడుతుందని చెప్తాడు. పదో తరగతి పిల్లవాడిని పిలిచి వాడితోనే కోయిస్తాడు. మళ్లీ అదే ఎరుపు, ఈసారి నవ్వులు. అదే నిమ్మకాయ, అదే కత్తి. మధ్యలో చేరింది ఒక చిన్న సమాచారం. కామెడీకి, హారర్‌కి మధ్య గోడ ఎంత పల్చనిదో చూపించడానికి అంతకంటే ఏం కావాలి?

"ఓ స్త్రీ రేపు రా" సంగతి చెప్పకుండా దాటలేం. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు తలుపుల మీద, గోడల మీద బొగ్గుతోనో సున్నంతోనో ఈ మాట రాసుకున్న ఇళ్లు లెక్కలేనన్ని. రాత్రి వచ్చి తలుపు కొట్టే దయ్యం ఆ రాత చదివి, సరే రేపొద్దాం అని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చి మళ్లీ చదువుతుంది. రాసినవాళ్లు నిజంగా భయపడే రాశారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఆలోచనలోనే జోకు ఉంది: చదువొచ్చిన దయ్యం, మర్యాద తెలిసిన దయ్యం, ఏ రోజుకారోజు వాయిదా ఒప్పుకునే దయ్యం. కర్ణాటకలో ఇదే 'నాళె బా' అయింది. 2018లో వచ్చిన హిందీ సినిమా 'స్త్రీ' ఈ నమ్మకాన్నే మధ్యప్రదేశ్‌లోని చందేరి పట్టణానికి పట్టుకెళ్లింది. కథ రాసింది రాజ్, డీకే, ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ దయ్యం మగవాళ్లనే ఎత్తుకుపోతుంది కాబట్టి చీకటి పడితే ఇల్లు కదలొద్దనే జాగ్రత్తలు ఆ ఊళ్లో మగవాళ్లకు వచ్చిపడ్డాయి. మన ఆడపిల్లలు పుట్టినప్పటినుంచీ మోస్తున్న భయాన్ని మగవాళ్ల నెత్తిన పెట్టడంతోనే సగం కామెడీ తయారైంది. మన గోడల మీద రాతను మనమే ముందు అంత బాగా వాడుకోలేకపోయామే అన్న బాధ నాకుంది.

తెలుగులో 2013లో 'ప్రేమకథా చిత్రమ్', 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది' వరసగా వచ్చి హారర్ కామెడీని ఒక ఫార్ములా చేశాయి. ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఒక ఇల్లు, పదిమంది నటులు, రాత్రి షూటింగ్. స్టార్ అక్కర్లేదు, దయ్యమే స్టార్. కామెడీ ఉంది కాబట్టి పిల్లలతో కలిసి రావచ్చు. తర్వాత ప్రతి చిన్న సినిమా బంగళా అద్దెకు తీసుకుంది.

అయితే పెట్టుబడి లెక్క ఒక్కటే కాదు. మన పెద్ద సినిమాల్లో హీరోకి భయపడే హక్కు లేదు. అతను దయ్యాన్ని చూసి వణికితే అభిమానులు ఊరుకోరు. భయం లేకపోతే హారర్ లేదు. మరి ఆ భయాన్ని ఎవరికివ్వాలి? కమెడియన్‌కి ఇచ్చారు. భయం కమెడియన్ ముఖం మీద కనిపిస్తే నవ్వే వస్తుంది తప్ప వణుకు రాదు. అంటే తెలుగు హారర్ కామెడీ సగం కళాత్మక నిర్ణయం, సగం హీరోయిజం మిగిల్చిన అవసరం. దీనికీ భరతుడి దగ్గర మూలం కనిపిస్తుంది. హాస్యం ఎక్కువగా ఆడవాళ్లలో, 'నీచ ప్రకృతి' అంటే తక్కువ స్థాయి పాత్రల్లో కనిపిస్తుందన్నాడు, భయం గురించీ అదే అన్నాడు. 'చంద్రముఖి'లో రజనీకాంత్ పక్కన వడివేలు వణుకుతుంటే ఆ పాత లెక్కే నడుస్తోంది. లారెన్స్ 'ముని', 'కాంచన' సినిమాల్లో హీరోనే పిరికివాడిని చేసి ఈ లెక్క తారుమారు చేశాడు, అందుకే అవి అంత ఆడాయని నా నమ్మకం. 2022లో వచ్చిన 'మసూద'లో తిరువీర్ చేసిన గోపి బెదురుగొడ్డు. ముందు అతన్ని చూసి కాస్త నవ్వుకుంటాం. మనకు దగ్గరయ్యాక అతని భయం మన భయమైపోతుంది.

ఫార్ములా తేలిపోయిన చోటు కూడా సరిగ్గా తెలుస్తుంది. దయ్యంతోనే జోకులు వేయించడం మొదలుపెట్టారు. దయ్యం కమెడియన్ చెంప మీద కొడుతుంది, కమెడియన్ తిట్టుకుంటాడు, దయ్యం మళ్లీ కొడుతుంది. పదో దెబ్బకు తెలిసిపోతుంది, ఇది చంపదని. ఒకసారి తెలిశాక సెకండాఫ్‌లో ఎంత బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మోగించినా లాభం లేదు. పోతరాజు నవ్వేశాక పిల్లలు ఎందుకు పరిగెడతారు? 1948లో అబ్బాట్, కాస్టెల్లో అనే హాస్యజంట ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడితో తలపడే సినిమా తీసినప్పుడు డ్రాక్యులా వేషానికి పాత డ్రాక్యులా బేలా లుగోసినే పెట్టుకున్నారు. ఆయన ఒక్క చోట కూడా వెకిలి వేషం వేయడు. కామెడీ అంతా ఆ జంట బెదిరిపోవడంలోనే ఉంది. 2017 నాటి 'ఆనందో బ్రహ్మ' దయ్యాలనే భయపడేలా చేసి మెప్పించింది కదా అని ఎవరైనా అడగొచ్చు. అక్కడ భయం మాయం కాలేదు, దయ్యాల చేతికి మారింది. రేచీకటి ఉన్నవాడి ముందు నిలబడి గొంతు చించుకునే దయ్యం అవస్థ అది.

దక్షిణ తెలంగాణ ప్రేక్షకుడిగా నాకు ఇంకో మంట ఉంది. చాలాకాలం మన సినిమాల్లో ఆ బంగళా వాచ్‌మన్, ఆ పనివాడు, ఆ తాగుబోతు మాట్లాడింది మన యాసే. దయ్యం మాత్రం శుభ్రమైన పుస్తకాల తెలుగు మాట్లాడేది. పగ, ఆవేశం, విషాదం ఆ భాషకు, వణుకుడు ఈ భాషకు. నల్గొండ, పాలమూరు ఊళ్లలో కొరివి దయ్యాల కథలు చెప్పిన అవ్వలు ఈ యాసలోనే చెప్పారు. "అర్ధరాత్రి యేటిగడ్డకు పోతాంటే ఎనకనుంచి ఎవలో పిలిసిండ్రు బిడ్డా, మల్లి సూడలే" అని చెప్తుంటే ఒక్కడూ నవ్వలేదు, దుప్పటి ముసుగు మీదికి లాక్కున్నాం. ఈ యాసలో భయపెట్టడం చేతకాదనుకున్నది సినిమావాళ్లు, అవ్వలు కాదు.

నవ్వు ఎక్కడ ఆగాలన్న ప్రశ్న దగ్గర నేను మెత్తబడలేను. బాణామతి చేస్తోందన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, తగలబెట్టిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగాయి. వాళ్లలో ఎక్కువమంది పేదలు, ఒంటరి ఆడవాళ్లు. అలాంటి ఊరిని తెర మీద పెట్టి, అనుమానించిన జనాన్ని, వాళ్ల మూఢత్వాన్ని, దొంగ భూతవైద్యుడిని ఎంత ఎగతాళి చేసినా ఇబ్బంది లేదు, అక్కడ కామెడీకి బోలెడు సరుకుంది. కానీ ఆ ఇంట్లో కూర్చుని వాకిట్లో గుంపును చూస్తున్న మనిషి భయాన్ని నవ్వులకిస్తే సినిమా ఆ గుంపులో చేరిపోయినట్టే. చివర్లో ఆమె నిజంగానే మంత్రగత్తె అని ట్విస్టు పెట్టడం అంతకంటే అన్యాయం. ఆ ట్విస్టు ఇంతవరకు చాలామందికి తెలివిగానే కనిపించింది.